మందు కలిపిన చెయ్యి

"అన్నం పెట్టేనని బాబుతో చెప్పు, సోములమ్మా," అంది సత్యకుమారి.

సోములమ్మ చేతిలోని చీపురు గోడకి ఆనించింది. వంటింటి గుమ్మం నుంచి వీధరుగు దాకా నడిచి, అక్కడ కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న వరహాలరావు ముందు నిలబడింది.

"బాబూ, నర్సమ్మ అన్నం ఎట్టిందట."

"ఆకలి లేదని చెప్పు."

"ఆకలి నేదట," అంది సోములమ్మ వెనక్కి తిరిగి.

"రాత్రీ లేదు, నిన్న పొద్దున్నా లేదు. కోపంతోనే కడుపు నిండిపోతోందేమో కనుక్కో," అంది సత్యకుమారి వంటింట్లోంచి.

సోములమ్మ ఈసారి కదల్లేదు. నడవ మధ్యలో చతికిలబడింది.

"నాను కనుక్కోను. నిన్నటి నుంచి ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ తిరిగిన తిరుగుడుకి పెదబయలు సంతకెల్లి రావొచ్చు. ఇద్దరికీ నోళ్ళున్నాయి గదా. ఆటికేటొచ్చింది?"

వరహాలరావు నవ్వాపుకున్నాడని అతని వీపు చూసే సత్యకుమారికి తెలిసిపోయింది. మేనమామ కొడుకు. చీమిడి ముక్కుతో ఉన్నప్పట్నుంచీ ఎరిగిన వీపు అది. తను ఇంకొక్క మాట అంటే చాలు, తిరిగి చూస్తాడని కూడా తెలుసు. ఆ మాట అనలేదు.

అతను లేచాడు. బూట్ల తాళ్ళు కట్టుకోకుండానే, టోపీ చంకలో పెట్టుకుని మంచులోకి దిగి తోట దారి పట్టాడు.

"తాళ్ళు తొక్కుకుని పడతాడు. ఎంత కోపమైతే మాత్రం," అనుకుంటూ సత్యకుమారి కంచంలో అన్నం మళ్ళీ గిన్నెలోకి తీసింది.

మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఆగిపోయి రెండు రాత్రులు గడిచాయి.

సోమవారం నాడు కాఫీ చెట్ల కాండాలకి పొడిమందు పూస్తూ సోములమ్మ కోడలు ముత్యాలమ్మ పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లో నురగ వచ్చింది. నలుగురు ఆమెని దుప్పట్లో మోసుకొచ్చి తోట డిస్పెన్సరీలో దించారు. డిస్పెన్సరీ అంటే ఒక రేకుల గది, రెండు మంచాలు, ఒక నర్సు. ఆ నర్సు సత్యకుమారి. ముత్యాలమ్మ తెప్పరిల్లాక ఆమె రోగుల పుస్తకం తీసి, జబ్బు అన్న గడిలో "పురుగుమందు ఒంటికి పట్టడం వల్ల" అని రాసింది. అంతకు ముందు పది రోజుల్లో తల తిరుగుతోందనీ వాంతులనీ వచ్చిన ఐదుగురి పేర్ల కెదురుగా కూడా అదే రాసింది.

మంగళవారం సాయంత్రం వరహాలరావు ఆ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ తోటకి అతను ఫీల్డు సూపర్‌వైజరు. పుస్తకం బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టాడు.

"మేనేజరు గారు మార్చి రాయమన్నారు."

"ఏమని?"

"చలిజ్వరమని."

"ఆరుగురికీ థర్మామీటరు పెట్టాను బావా. ఒక్కళ్ళకీ జ్వరం లేదు."

"ఈ కొండల్లో చలిజ్వరం రానివాళ్ళెవరు సత్యా? వచ్చేవారం పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. పుస్తకంలో మందు మాట కనిపిస్తే పని ఆపించేస్తాడు. ఇప్పుడు పూయకపోతే పురుగు కాండాలు తొలిచేస్తుంది. తోట పోతే వీళ్ళకి పనెక్కడిది?"

అందులో అబద్ధం లేదని ఆమెకి తెలుసు. కిందటేడు అతను పురుగు తొలిచిన కాండమొకటి ఇంటికి తెచ్చి చీల్చి చూపించాడు. లోపలంతా పిండి. మనిషి పోయినట్టు ఆ పూట దిగాలుగా కూర్చున్నాడు.

"పూయొద్దనట్లేదు బావా. ఆ చేతుల్తోనే అంబలి తాగుతున్నారు. చంటిపిల్లల తల్లుల చేత కూడా పూయిస్తున్నారు. అది మార్చమంటున్నాను."

"మారుద్దాం. ముందు నువ్వు పుస్తకం మార్చు."

"నీ ఆర్డరు కోసమా?"

అన్నాక గానీ ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో ఆమెకి తెలియలేదు. అతనిది ఐదేళ్ళుగా టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు చెయ్యమని మేనేజరు రాయాల్సిన సిఫారసు ఈ నెలలోనే వెళ్ళాలి. వరహాలరావు అరుగు మీదకి వెళ్ళిపోయాడు. పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది. ఆమె ఒక్క అక్షరం మార్చలేదు.

*

సత్యకుమారి డిస్పెన్సరీ తలుపు తీసేసరికి ముత్యాలమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. నాలుగు నెలల పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. వెనకాలే సోములమ్మ సొరకాయ బుర్రలో రాగిపిండి కాచిన చోడంబలి తెచ్చింది.

"నర్సమ్మా, నాకొకటి సెప్పు," అంది కోడలికి అంబలి వంచుతూ. "నువ్విచ్చేదీ మందే, తోటలో పూసేదీ మందే. ఒకటి తాగితే బతుకుతాం. ఒకటి ముడితే సత్తాం. రెండిటికీ ఒకటే పేరెట్టినోలెవులు?"

"మా కింద ఊళ్ళవాళ్ళే అయుంటారు," అంది సత్యకుమారి.

"ఆల్లు సారాని కూడా మందే అంటారు," అంది ముత్యాలమ్మ నీరసంగా.

"సూసినావా. మాటల కరువు," అని సోములమ్మ తేల్చేసింది.

రెండు రోజుల్లో మొదటిసారి సత్యకుమారికి నవ్వొచ్చింది. ముత్యాలమ్మ నాడి చూసింది. చేతులు చాపమంది. వణుకు తగ్గింది.

"నానెప్పుడు పన్లోకెల్లాల?"

"ఇంకో వారం కదలొద్దు. ఆ తరవాత కూడా పిల్లకి పాలిచ్చినన్నాళ్ళూ మందు పని చెయ్యకూడదు. కలుపు తీసే పనిలో వేయమంటాను."

"మరి మా గుంపోలు? నాను పడిపోయిన్నాడు మందు పీపా ముట్టుకోం అని ఒట్టేసుకున్నారు గదా."

"ఒట్టుదేటుంది," అంది సోములమ్మ. "ఆల్లు ముట్టకపోయినా పని నడిసిపోతంది. బాబున్నాడు గదా."

సత్యకుమారి చేతిలో ఉన్న సీసా బల్ల మీద పెట్టింది. "బాబున్నాడంటే?"

సోములమ్మ ఆమె మొహం చూసి తటపటాయించింది. "నీకు సెప్పనేదా? మరి నా నోటంట రాకూడదేమో."

"చెప్పు సోములమ్మా."

"మంగళారం పొద్దున్న గాసి మేస్త్రీ, గుంపూ అంతా పీపాకాడ సేతులు కట్టుకుని కూకున్నారట. మేం కలపం అన్నారట. బాబు సొక్కా సెయ్యి మడిసి, 'సూడండి, నాకేటవుతాదో' అని తన సెయ్యే పెట్టి కలిపేడట. నిన్నా ఆయనే. పొడి సన్నీళ్ళలో ఉండలు కట్టీత్తాది గదా. కర్రకి నలగవు. సేత్తోనే నలపాల. సంక దాకా పెట్టి నలుపుతన్నాడట. అది సూసి మిగతాల్లు బ్రష్షులు పట్టేరు."

సత్యకుమారికి అన్నీ గుర్తొచ్చాయి. తినకుండా వదిలేసిన అన్నం. కట్టుకోని బూట్ల తాళ్ళు. తను వంటింట్లోంచి వస్తుంటే అతను గోడ వైపు తిరిగి పడుకోవడం. వాటన్నిటికీ కోపమని పేరు పెట్టి, రెండు రోజులు తనూ అంతే పట్టుదలగా కూర్చుంది. నర్సు శిక్షణలో ఫస్టు వచ్చిన మనిషి, ఒక్క మంచం మీద పడుకునే మనిషిని చూడలేకపోయింది.

అలమర తీసి రెండు సబ్బులు కొంగున కట్టుకుంది.

"పిల్లని చూసుకో," అని ముత్యాలమ్మకి చెప్పి, వాలు దారి ఎక్కడం మొదలుపెట్టింది.

*

కొండ మీంచి పారే గెడ్డ పక్కన సిల్వర్ ఓక్ చెట్ల కింద పీపా ఉంది. చుట్టూ ముప్ఫై మంది దాకా ఉన్నారు. కొందరు డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వరహాలరావు పీపా అంచుకి చెంప ఆనించి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి అడుగున ఉండలు నలుపుతున్నాడు. నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి.

"బావా."

అతను తలెత్తాడు. చెయ్యి బయటికి తీశాడు. వేళ్ళ నుంచి చంక దాకా తెల్లగా కారుతోంది.

"ఇక్కడికెందుకొచ్చావు?"

"చెయ్యి చాపు."

"పనిలో ఉన్నాను సత్యా."

"చాపమన్నాను."

ఆమె గొంతు పెంచలేదు. అయినా డబ్బాలు పట్టుకున్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. వరహాలరావు చెయ్యి చాపాడు. వేళ్ళు ఆగకుండా వణుకుతున్నాయి. చలి అనుకోడానికి లేదు, ఎండ నడినెత్తికి వచ్చింది.

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచే."

"అన్నం?"

"నోట్లో పెడితే వెనక్కొస్తోంది." అతను గొంతు తగ్గించాడు. "నీ ఎదురుగా తింటే కనిపెట్టేస్తావు. కోపంగా ఉన్నాననుకుంటేనే నయమనిపించింది."

సత్యకుమారికి అతన్ని తిట్టాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. ముప్ఫై మంది ముందు రెండూ కుదరలేదు. శుభ్రంగా ఉన్న రెండో చెయ్యి పట్టుకుని గెడ్డలోకి నడిపించింది. రాతి మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, తెచ్చిన సబ్బు తీసింది. ఒకసారి తోమి కడిగింది. మళ్ళీ తోమింది. గోళ్ళ సందుల్లో పుల్లతో గీకి మూడోసారి తోమింది.

"నలుగురూ చూస్తున్నారు," అన్నాడు.

"చూడాలనే తోముతున్నాను."

ఒడ్డు మీంచి ఒకామె, "పెల్లినాడు కూడా పెల్లికొడుకుని ఇంతసేపు రుద్దరు," అంది. ఆడవాళ్ళు మొహాలకి చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వరహాలరావు చెవులు ఎర్రబడ్డాయి. ఆ రెండు రోజుల్లో అతని మొహంలో రంగు కనబడటం అదే మొదలు.

అతని చెయ్యి అయ్యాక సత్యకుమారి ఒడ్డు వైపు తిరిగింది.

"గాసీ, ఇలా రా. నీ చేతులు."

గాసి మేస్త్రీకి అరవై దగ్గర పడతాయి. తోట వేసినప్పుడు గోతులు తవ్వినవాడు. కాసేపు నేల చూపులు చూసి నీళ్ళలోకి దిగాడు. అతని వెనక ఒకామె దిగింది. తరవాత నలుగురు. మొదటి సబ్బు అరిగి బిళ్ళయ్యేసరికి ముప్ఫై మందీ గెడ్డలో వరసగా కూర్చుని మోచేతుల దాకా తోముకుంటున్నారు. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి గోళ్ళు చూసింది. బాగా తోమనివాళ్ళ చేత మళ్ళీ తోమించింది. ఆ తరవాతే అంబలి బుర్రలు తియ్యనిచ్చింది.

గాసి దోసిట్లో అంబలి పోసుకుని తాగబోతూ ఆగి వాసన చూశాడు.

"ఇయ్యేల అంబలి అంబలి వాసనే వొత్తంది," అన్నాడు. "పది రోజులై సోళ్ళు పుచ్చిపోయాయేమోనని మా ఇంటిదాన్ని తిడతన్నాను."

అందరూ తమ తమ దోసిళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

*

మధ్యాహ్నం వరహాలరావు మంచం మీద పడుకుని ఉంటే సత్యకుమారి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని గంజి పట్టింది. చెంచా అతని చేతికివ్వలేదు.

"సోములమ్మ చేత కబురు పెట్టకుండానే తాగుతున్నాను చూడు," అన్నాడు.

"మాట్లాడకు. పొలమారుతుంది."

నాలుగు చెంచాలు లోపలికి వెళ్ళాయి. వెనక్కి రాలేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"ఎందుకు చేశావు బావా?"

అతను ఇంటి రేకుల వైపు చూస్తూ పడుకున్నాడు. "ముప్ఫై మంది మొహాలు చూసి, ముట్టండి అనలేకపోయాను. ముట్టకండి అని కూడా అనలేకపోయాను. ఇంక మిగిలింది నా చెయ్యే."

"ఆర్డరు కోసమని అన్నాను. అనకుండా ఉండాల్సింది."

"అన్నది నిజమే కదా. దానికోసమే. మీ అమ్మ ఎవరికైనా నన్ను చూపించి, 'అల్లుడిది ఇంకా టెంపరరీయే' అనేటప్పుడు గొంతు తగ్గిస్తుంది. నాకు వినబడుతుంది సత్యా."

"మా అమ్మ నీకు మేనత్త. నీ మీద బెంగతో అంటుంది. ఆర్డరు వచ్చిన రోజున కవరు చింపుకోడానికి నీకు చెయ్యుండాలి కదా బావా."

అతను నవ్వాడు. నవ్వేసరికి గంజి వెనక్కొచ్చింది. ఆమె గిన్నె పట్టుకుంది, వీపు రాసింది, మూతి తుడిచింది. తేరుకుని వెనక్కి వాలాక అతని తల తన మోకాలికి ఆనించుకుంది. పెరట్లో సోములమ్మ అతని బట్టలు వేరే బానలో నానబెడుతూ ఏదో కూనిరాగం తీస్తోంది.

తరవాత సత్యకుమారి లేచి రోగుల పుస్తకం తెచ్చింది. అతను చూశాడు.

"నా పేరు రాస్తావా?"

"ఏడోది నీదే."

"సూపర్‌వైజరే పడ్డాడని తెలిస్తే మేనేజరు ఆ సిఫారసు రాయడు. ఈ ఒక్క వారం ఆగు."

"రేపు పీపాలో చెయ్యి పెట్టనని చెప్పు. ఆగుతాను."

అతను తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"పెట్టను," అన్నాడు చివరికి. "కానీ వెళ్తాను. నేను లేకపోతే గాసి చేత పెట్టిస్తారు."

ఆమె పెన్ను మూత పెట్టింది. పుస్తకం మాత్రం మూయలేదు.

*

శుక్రవారం పొద్దున్న ఇద్దరూ కలిసే తోటకి వెళ్ళారు. వరహాలరావు బూట్ల తాళ్ళు ఆమే కట్టింది. మంచు ఇంకా విడలేదు. గుంపంతా పీపా చుట్టూ గొంతుక్కూర్చుని ఉంది. నీళ్ళు నింపి ఉన్నాయి, పొడి పోసి ఉంది. కలిపినవాళ్ళు లేరు.

ఎనిమిదింటికి జీపు వచ్చింది. మేనేజరు గారు దిగారు. యాభై దాటిన మనిషి. కసిరే అలవాటు లేదు. పండగకి కూలీలందరికీ పేరుపేరునా బట్టలు పంచే మనిషే.

"ఇంకా మొదలెట్టలేదేం వరహాలరావ్?"

వరహాలరావు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "రెండు రోజులు టైమివ్వండి సార్. పొడుగు తెడ్లు చేయిస్తున్నాను, పళ్ళున్నవి. వాటితో అయితే ఉండలు నలుగుతాయి. అంబలికి ముందు అరగంట, సబ్బు, నీళ్ళు కావాలి. పాలిచ్చే తల్లుల్ని కలుపు పనికి మారుద్దాం."

"అన్నీ చేద్దాం. తనిఖీ అయిపోనీ. ఇవాళ్టికి మాత్రం పని ఆగకూడదు. కలుపు."

"నేను కలపను సార్."

మేనేజరు గారు అతని వైపు వింతగా చూశారు. గాసి వైపు తిరిగారు. గాసి లేచి నిలబడి తలపాగా సర్దుకున్నాడు.

"బాబు కలపకపోతే మేమూ కలపం," అన్నాడు.

ఇంకెవరూ లేవలేదు. మేనేజరు గారి మొహంలో కోపం కన్నా నొచ్చుకోవడమే ఎక్కువ కనబడింది సత్యకుమారికి. ఇన్నేళ్ళూ తన మాటకి ఎదురు రాని మనుషులు వీళ్ళు.

"ఏమిటయ్యా మీ భయం? పొడి. ఉత్త పొడి," అన్నారు. "సరే. మీరెవరూ ముట్టొద్దు. నేనే కలుపుతాను. చూడండి."

చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నారు. ఇస్త్రీ చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచారు. పీపా మీదకి వంగారు.

కానీ, పెట్టనీ, అనుకుంది సత్యకుమారి. తెలుస్తుంది. అలా అనుకుంటూ ఉండగానే ఆమె కాళ్ళు ముందుకి నడిచాయి.

"వద్దు సార్. చెయ్యి పెట్టకండి."

ఆయన చెయ్యి నీళ్ళకి బెత్తెడు పైన ఆగింది. వంగినవారు వంగినట్టే తల తిప్పి ఆమెని చూశారు.

"ఎందుకు పెట్టకూడదమ్మా?"

మెల్లగా అడిగారు. ఏమీ లేదు సార్, మీ బట్టలు పాడవుతాయని, అని ఆమె అనడానికి చోటు వదిలి మరీ అడిగారు. ఆమె ఆ ఒక్క ముక్క అంటే చాలు. ఆయన నవ్వేసి చొక్కా చెయ్యి దించుకుంటారు. మరెవరి చేతో కలిపిస్తారు. సిఫారసు ఆ సాయంత్రమే టపాలో వెళ్తుంది. అనకపోతే ఏం జరుగుతుందో ఆమెకి తెలియదు.

ముప్ఫై మందీ ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఆమె మొగుడి వైపు చూసింది.

వరహాలరావు నాలుగడుగులు వేసి ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. అంతసేపూ వెనక్కి కట్టుకున్న చేతులు విడదీసి, వణుకుతున్న వాటిని అందరికీ కనబడేలా ముందుకి చాపాడు.

"చెప్పు సత్యా," అన్నాడు.